పలకకుండా పెరికిన నేల ఉసిరి

రైతులు కలుపు మొక్కల్ని తిట్టే తిట్లు వింటే, ఆ మొక్కలకు చెవులు లేకపోవడమే మేలనిపిస్తుంది. పీకి గట్టున పారేస్తారు. పారేసింది మళ్లీ వేరు పట్టుకుంటే దాని పుట్టుకనే తిడతారు. తూముపల్లెలో ఆ మొక్కల తరఫున మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, రాహేలమ్మ. దారిలో చీర అంచుకు అంటుకున్న ఉత్తరేణి గింజల్ని కూడా విసుక్కోకుండా ఒక్కొక్కటే తీసి పక్కన వేసేది. ఆ ఉత్తరేణి వేరునే తేలు కుట్టిన చోట అరగదీసి పూసేది. కాన్పు కష్టమైన మనిషి నడుముకు కట్టేది. బిడ్డ బయట పడగానే తెంపి పారేయండి, ఆలస్యం చేస్తే పేగులు కూడా బిడ్డ వెంట జారిపోతాయని అక్కడున్న ఆడవాళ్లను హడలగొట్టేది. మోకాళ్ల నొప్పులకు జిల్లేడాకు వెచ్చచేసి కట్టేది, పిల్లల గజ్జికి కుప్పింటాకు నూరి పట్టించేది.

అయితే ఆమెకు పేరు తెచ్చింది మాత్రం నేల ఉసిరి. జానెడు మొక్క, ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరసగా వేలాడుతుంటాయి. పచ్చకామెర్లకు ఆమె పోసే ఆ పసరు కోసం జమ్మలమడుగు నుంచి, ముద్దనూరు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. గండికోట చూడటానికి పోయేవాళ్ల ఆటోల్లోనే వెనక ఇరుక్కుని, పచ్చటి కళ్లేసుకుని తూముపల్లె మలుపులో దిగేవారు.

ఆ విద్య వాళ్లమ్మది. వాళ్లమ్మ కాలంలో ఆ మొక్కను పెరకడం పెద్ద తతంగం. ముందు రోజు సాయంత్రమే పోయి మొక్కకు పసుపు దారం కట్టి, పిడికెడు బియ్యం పోసి, రేపు వస్తానని దానికి చెప్పి రావాలి. తెల్లవారకముందే, మన నీడ దాని మీద పడకముందే మంత్రం చదువుతూ పెరకాలి. ఇంటి నుంచి బయలుదేరింది మొదలు తిరిగొచ్చి ఆకును రోట్లో వేసేదాకా ఎవరితోనూ పలకకూడదు. ఎవరు పిలిచినా ఆగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. పలికితే ఆకులోని గుణం ఆ మాటతో పాటే గాలికి పోతుంది. పెరికిన ఆకును కడగకూడదు, దాని మీద పడిన మంచుతోనే నూరాలి.

రాహేలమ్మ ఇంటివాళ్లు తాతల నాటి నుంచి చర్చి వాళ్లు. అయినా ఈ తతంగం ఎవరికీ అడ్డం రాలేదు, పాస్టరుగా యేసుప్రసాద్ వచ్చేదాకా. ఆయన మంచివాడే, కాకపోతే ఇల్లు సర్దకుండా నిద్రపోలేని రకం. ఆమెను పిలిచి కూర్చోబెట్టి దారం మాన్పించాడు, బియ్యం మాన్పించాడు, మంత్రం తీసేసి ఆ చోట పరలోక ప్రార్థన పెట్టించాడు.

"ఆకు దేవుడిచ్చింది రాహేలమ్మా, తీసుకో. నోరు మూసుకోని పెరకడం యాల? ఎవురన్నా పిలిస్తే పలుకు. పలికితే పోయే గుణమైతే అది దేవుడు పెట్టిన గుణం గాదు" అన్నాడు.

"సరే అయ్యగారూ" అని తల ఊపింది. అన్నీ వదిలేసింది, ఆ ఒక్కటి తప్ప. అదీ వదిలేస్తే ఇంక తన చేతిలో మిగిలేది ఊళ్లో అందరి కాళ్ల కింద పడి ఉండే గడ్డే కదా అని ఆమె భయం. ఆకు అందరికీ దొరుకుతుంది. పలకకుండా ఉండటం మాత్రం తన ఒక్కదాని చేతనే అవుతుందని ఆమె లోపల నమ్మింది. కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

ఆమె కొడుకు శామ్. బేతంచెర్ల నుంచి నాపరాళ్లు ఎత్తుకుని బెంగళూరు, చెన్నై తిరిగే లారీకి డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. కాబట్టి ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. కోడలు క్రిస్టినా ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పేది. మిగతా రోజుల్లో అత్త వెంట గట్లెంబడి తిరిగేది. ప్రతి మొక్కకూ ఫోన్‌లో ఫోటో తీసుకునేది. ఫోటోలో మొక్క పక్కన అత్త చెయ్యి కూడా పడాలని పట్టుబట్టేది.

"నా చెయ్యి యాల మే? చేతికి గూడా పసరుంటాదా?" అని రాహేలమ్మ ఎగతాళి చేసేది.

"ఉంటాదత్తా. నీ చెయ్యి లేకుంటే అది ఒట్టి గడ్డే" అనేది క్రిస్టినా.

ఆ మాట రాహేలమ్మకు ఎంత తీపిగా ఉండేదో చెప్పలేం. కన్నకొడుకు కూడా ఎప్పుడూ అలా అనలేదు.

క్రిస్మస్ నెల మొదట్లో ఒక పొద్దున, వసారాలో కాగితం నక్షత్రానికి బల్బు బిగిస్తూ క్రిస్టినా స్టూలు మీద నుంచి దిగి గోడ పట్టుకుంది. కళ్లు తిరిగాయంది. రెండు రోజుల నుంచి అన్నం చూస్తేనే వెలపరంగా ఉందని, ఒంటేలు పసుపు నీళ్లలా పోతోందని అప్పుడు చెప్పింది. రాహేలమ్మ ఆమెను వాకిట్లో వెలుతురులోకి లాక్కొచ్చి కింది రెప్ప లాగి చూసింది. ఇంక రెండో మాట అక్కర్లేదు.

"కామెర్లు మే. బాగా తిరిగినాయి."

"జమ్మలమడుగు పోయి రక్తం పరీక్ష చేపించుకుందామా అత్తా?"

"కామెర్లకు ఆసుపత్రిలో ఏం మందుండాది? వాళ్లే పక్కకు పిల్చి పసరు తాగమంటారు. మందు ఇంట్లో పెట్టుకోని నిన్ను యాడికో తీస్కపోతే ఊరు నగుతాది. మూడు పొద్దులు తాగు. తగ్గకపోతే నేనే పిల్చుకోని పోతా."

ఊరు నవ్వుతుందన్నది ఆమె నోటి నుంచి ఊరకే వచ్చిన మాట కాదు. నిజంగానే ఆ భయం ఉంది. ఇంతమంది కామెర్లు దింపిన రాహేలమ్మ కోడలు డాక్టరు దగ్గర వరసలో కూర్చుంటే మర్నాటి నుంచి ఆ మలుపులో ఎవరు దిగుతారు? శామ్ కూడా లారీలోంచి ఫోన్ చేసి, "అమ్మ చెప్పినట్ల ఇను. అమ్మ కంటే డాక్టరుండాడా?" అన్నాడు. క్రిస్టినా సరేనంది. ఆమెకు అత్త చెయ్యి మీద ఎప్పుడూ అనుమానం లేదు.

కానీ ఆకు ఎక్కడుంది? ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలల్లో విత్తిన శనగ మొలిచినంత మొలిచి ఎండిపోయింది. పల్లేరు తప్ప మరో పచ్చని ఆకు కనపడని ఏడు అది. కలుపు కూడా లేని కరువు వస్తే ఎలా ఉంటుందో రైతులకు అప్పుడు తెలిసొచ్చింది, కాకపోతే దాన్ని తలుచుకుని ఏడ్చింది రాహేలమ్మ ఒక్కతే. ఆ మధ్యాహ్నమంతా చెరువు లోపల, కాలవ గట్టున, శ్మశానం వెనక వెతికింది. ఎక్కడా లేదు. పొద్దు వాలేముందు రోడ్డవతల శ్రీనివాసులు చీనీ తోట, అదే బత్తాయి తోట దగ్గర ఆగింది. శ్రీనివాసులు పొద్దుటూరులో వ్యాపారం చేసుకుంటాడు. తోటను కాపలాదారు హనుమన్న చూసుకుంటాడు. కంచెలోంచి చూస్తే, డ్రిప్పు నీళ్లు చుక్కచుక్కగా పడే చోటల్లా నేల తడిసి ఉంది. ఆ తడిలో వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగింది. దాని మొదళ్లలో పచ్చగా, లేతగా, కాయలతో నేల ఉసిరి.

రాహేలమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. గుడిసెలో హనుమన్న లేడు, ఉంటే ఒక మాట అడిగేదే. గడ్డికి అనుమతి ఏమిటిలే అనుకుని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు చీకటి విడవకముందే లేచి, క్రిస్టినాకు నిద్రాభంగం కాకుండా తలుపు దగ్గరగా వేసి బయలుదేరింది. కంచె తీగ ఎత్తి లోపలికి దూరింది. మొక్కల మీద చెయ్యి వేస్తే తడితడిగా తగిలింది. ఈ ఎండు చలిలో ఇంత మంచా అనుకుంది, వెంటనే దేవుడు చల్లగా చూశాడని సంతోషపడింది. ఏదో ఘాటు వాసన తగిలింది గానీ, చీనీ తోటల్లో ఎప్పుడూ ఏదో ఒక మందు వాసన ఉండనే ఉంటుంది. లోపల పరలోక ప్రార్థన చెప్పుకుంటూ వేళ్లతో సహా పెరికి ఒడి నిండా వేసుకుంది. మళ్లీ మళ్లీ రానక్కర్లేకుండా మూడు పొద్దులకూ సరిపడా పెరికింది.

కంచె దాటుతుంటే వెనక నుంచి కేక వినపడింది.

"ఎవురది? ఓమ్మా! నిలబడు! ఆ గడ్డి ముట్టుకోవద్దు!"

హనుమన్న గొంతు. తోట అవతలి కొస నుంచి అరుస్తున్నాడు. రాహేలమ్మకు ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. గడ్డిపరకకు కూడా కాపలా కాస్తాడా వీడు అని మనసులో తిట్టుకుంది. ఆకు ఒడిలో ఉంది, ఇంక రోట్లో పడేదాకా నోరు తెరవకూడదు, తల తిప్పకూడదు. ఇంకో కేక వినపడింది. ఈసారి గాలి ఎదురు తిరిగి మాటలు అందలేదు. ఆమె ప్రార్థనను మనసులోనే గట్టిగా చెప్పుకుంటూ అడుగులు వేగం చేసింది. వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చి మొదటి గుప్పెడు రోట్లో వేశాక గాని ఊపిరి వదల్లేదు. పలకని నియమం నిలబెట్టుకున్నందుకు తనను తానే మెచ్చుకుంది.

పసరు చిక్కగా వచ్చింది. పుల్లమజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చింది. క్రిస్టినా ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది.

"అత్తా, ఏదో మాదిరి వాసన ఉండాది."

"పసరు పాయసం మాదిరి ఉంటాదా? ముక్కు మూసుకో, దించకుండా తాగు."

దించకుండా తాగింది. కాసేపటికి వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. రాహేలమ్మ వీపు నిమురుతూ, "పైత్యం కక్కుతాండావు, మంచిదే. లోపలిదంతా పోవాల" అంది. మిగతా ఆకును తడిగుడ్డలో చుట్టి, వాడిపోకుండా అటక కింద చీకట్లో కడవలో పెట్టింది. మర్నాడు తీస్తే పచ్చగా అలాగే ఉంది. రెండో పొద్దూ ఇచ్చింది. ఆ సాయంత్రానికి క్రిస్టినా పెదాలు, నాలుక పొక్కాయి. వేడి చేసి నోరు పూసిందనుకుని రాహేలమ్మ మజ్జిగన్నం పిసికి పలచగా పోసింది. మూడో పొద్దు గ్లాసు చూసి క్రిస్టినా కళ్లనీళ్లు పెట్టుకుంది, మింగలేనంది.

"ఇదొక్కటే గదమ్మా. ఈ ఒక్కటీ తాగితే అయిపోతాది."

అత్త కోసం తాగింది. ఒక్కొక్క గుక్కకూ దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని తాగింది.

కామెర్లు దిగలేదు. అరచేతులు కూడా పచ్చబడ్డాయి, ఒంటేలు తగ్గిపోయింది, కూర్చుంటే ఆయాసం. రాహేలమ్మ ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా చూడలేదు. ఆకు చాల్లేదేమో, ఇంకొంచెం ముదురుది వెయ్యాలేమో అనుకుంది. మందు మీద కాదు, మోతాదు మీద అనుమానపడింది. ఆ రాత్రంతా కోడలి పక్కనే కూర్చుని తెల్లారేసరికి కునికి, మెలకువ వచ్చాక పరుగున తోటకు పోయింది. అప్పటికే ఎండ ఎక్కింది.

కంచె దగ్గర ఆగిపోయింది. తోటలో చీనీ చెట్లు పచ్చగానే ఉన్నాయి. వాటి కింద నేలంతా గోధుమ రంగులో ఉంది. వయ్యారిభామ తలలు వేలాడేసి మాడిపోయింది. నేల ఉసిరి ఉన్న చోట పట్టుకుంటే పొడి అయ్యే పుల్లలు మిగిలాయి. నిప్పు పెట్టినట్టు కూడా లేదు, ఎక్కడా బూడిద లేదు.

హనుమన్న గుడిసెలోంచి బయటికొచ్చాడు.

"ఏమవ్వా, ఆ పొద్దు వచ్చింది నువ్వేనా? ఎంత మొత్తుకున్నా పలకకుండా పోతివి!"

"ఈ గడ్డికి ఏమైందప్పా హనుమన్నా?"

"ఏముండాది, గడ్డి మందు కొట్టినాం. నువ్వు వచ్చేదానికి ముందు మాపటేళనే కొట్టినాం. వయ్యారిభామ సావకుండా మొండికేస్తాందని శానా చిక్కగా కలిపినాం. ఎండ తగిల్తేనే మాడ్చే మందది, సీకట్లో పచ్చగానే ఉంటాది. పొద్దున్నే ఎవురో ఒడి నిండా పెరుక్కోని పోతాంటే గుండె జల్లుమన్యాది. వద్దు వద్దు, ఇసం ఉండాదని అరిస్తి. గొడ్డుకు ఏస్తివా ఏంది? గొడ్డు బాగుండాదా?"

రాహేలమ్మ కంచె రాయి పట్టుకుని కూలబడింది.

"గొడ్డుకు గాదప్పా" అంది.

హనుమన్నకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అతను కూడా ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.  చివరికి అతనే లేచి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

పొద్దుటూరు ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు క్రిస్టినా కళ్లు చూశాడు, నోరు తెరిపించి లైటు వేసి చూశాడు. నోటిలోని పుండ్లు చూసి భృకుటి ముడివేశాడు.

"ఏం తాగించారు?"

"పసరు" అంది రాహేలమ్మ.

"ఏం పసరు?"

"నేల ఉసిరి."

చెప్పవలసిన మాట నాలుక మీదికి వచ్చింది. మంచం మీద నుంచి క్రిస్టినా ఆమెనే చూస్తోంది. ఆ చూపులో ఇంకా నమ్మకం ఉంది, దాని ముందు ఆ మాట వెనక్కి పోయింది. ఆ పిల్ల వింటుండగా నీకు నేను విషం పోశానని ఎలా చెప్పడం? డాక్టరు ఇంకోసారి అడిగితే చెప్పేదే. ఆయన అడగలేదు. నాటు మందులతో లివరు పాడు చేసుకుంటారని విసుక్కుంటూ రక్త పరీక్షకు రాసి పక్క మంచానికి పోయాడు. వెంటనే ఆయన వెనక పరుగెత్తాలనుకుంది. పోలేదు. తర్వాత చెబుదామనుకుంది, బయటికి వచ్చినప్పుడు చెబుదామనుకుంది. ఆయన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పక్కనున్నారు, లేదా ఆమెకు అలా అనిపించింది. చెప్పి ఉంటే బతికేదో లేదో ఎవరికీ తెలియదు. రాహేలమ్మకు అసలే తెలియదు, అందుకే ఆ ప్రశ్న ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

లివరుతో పాటు కిడ్నీలు కూడా పని చెయ్యడం లేదన్నారు. ఊపిరి అందడం లేదని ముక్కుకు గొట్టం పెట్టారు. ఒక సాయంత్రం క్రిస్టినా వేలితో పిలిచింది. పొక్కిన పెదాలతో మాట కూడబలుక్కుంది.

"అత్తా, మందు పనిచెయ్యకముందే ఈడికొచ్చినాం. ఇంటికి పోయినాక మళ్లా తాగుతాలే. నువ్వు మనసులో పెట్టుకోవద్దు."

రాహేలమ్మ ఆమె చెయ్యి తన మొహానికి అదుముకుంది. ఆ చెయ్యి మీద పడి ఏడ్చింది గానీ, అప్పుడూ చెప్పలేదు.

శామ్ లారీ ఎక్కడో వదిలేసి బస్సుల మీద వచ్చాడు. వచ్చిన మర్నాటి పొద్దున్నే క్రిస్టినా పోయింది. క్రిస్మస్ ఇంకా రాలేదు. వసారాలో నక్షత్రం బల్బు లేకుండా అలాగే వేలాడుతోంది, దాన్ని తియ్యమని ఎవరికీ తోచలేదు. సమాధి దగ్గర ఆదివారం బడి పిల్లలు ఆమె నేర్పిన పాటే పాడారు. పాస్టరు ప్రార్థన చేశాక రాహేలమ్మ ఆయన దగ్గరికి పోయింది. నోరు తెరిచేలోపే ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ చేతనైనంత చేసినావు రాహేలమ్మా. ఊరంతా చూసినాది. ప్రభువు చిత్తం" అన్నాడు.

ఓదార్పు అంత కఠినంగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. హనుమన్న దూరంగా నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. అతను ఎవరికీ చెప్పడు. చెబితే అతని కొలువూ పోతుంది.

శామ్ ఇంట్లోనే ఉండిపోయాడు. లారీ ఓనరు ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు. పగలంతా వసారాలో పడుకుని క్రిస్టినా ఫోన్‌లోని ఫోటోలు చూసేవాడు. ఉత్తరేణి, పక్కన అమ్మ చెయ్యి. జిల్లేడు, పక్కన అమ్మ చెయ్యి. కొత్త సంవత్సరం వచ్చి పోయాక, ఒక పొద్దున తల్లి గంజి గ్లాసు తెచ్చి ఇస్తే వద్దన్నాడు.

"నాలుగు దినాలు నీ దగ్గరుండాది, ప్రాణంతో ఉండాది. ఆసుపత్రికి తీస్కపోతేనే పోయినాది. నీ మందే ఇంకో రొన్నాళ్లు తాపింటే బతికేది మా" అన్నాడు.

రాహేలమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"నిన్ను అంటల్లేదు. నీ చెయ్యి మంచిది. వాళ్లే చంపినారు" అని లేచి కూర్చున్నాడు. కింది రెప్ప వేలితో లాగి తల్లి వైపు తిప్పాడు. "సూడు. నాకూ తిరిగినట్టుండాది. నిన్నట్నుంచి ఒంటేలు అట్లనే పోతాండాది. నేను ఆసుపత్రికి పోను. నాకు నీ మందియ్యి."

వెలుతురులో చూడాల్సిన పని కూడా లేకపోయింది. ఆ పసుపు ఆమెకు వసారా చీకట్లోనే కనపడింది.

ఇప్పుడు నోరు మూసుకుని ఉండొచ్చు. మంచి ఆకు ఎక్కడో దొరుకుతుంది, కడిగి నూరి ఇవ్వొచ్చు, తగ్గినా తగ్గొచ్చు. కొడుకు తనను అమ్మా అనే పిలుస్తూ ఉంటాడు. కానీ తన చేతి మీద ఆమెకు ఇంక నమ్మకం లేదు. వాడు ఆసుపత్రికి పోవాలి. ఆసుపత్రి చంపిందనుకునేంతవరకూ వాడు పోడు. ఇంత స్పష్టంగా జీవితంలో ఆమెకు ఏదీ తెలియలేదు. చెబితే కొడుకు పోతాడు, చెప్పకపోయినా కొడుకు పోతాడు.

గ్లాసు కింద పెట్టి చెప్పింది. తోట, తడి, వాసన, కడగని ఆకు, మూడో పొద్దు బతిమాలి తాగించిన గ్లాసు, డాక్టరుకు చెప్పకుండా మింగిన మాట. ఏదీ వదిలిపెట్టకుండా, వసారా స్తంభం పట్టుకుని నిలబడే చెప్పింది.

శామ్ చేతిలోని క్రిస్టినా ఫోన్ పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"హనుమన్న పిల్చినాడా?"

"పిల్చినాడు."

"నీకు ఇనపల్యా?"

"ఇనపన్యాది."

"ఇనపడినా తిరగలేదా?"

"తిరగలేదు."

"యాల మా?"

"తిరగగూడదు గదప్పా" అంది రాహేలమ్మ. అన్నాక ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే వినపడింది.

శామ్ లేచాడు. కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. క్రిస్టినా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, చెప్పులేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టినా బాగుండేది. తల్లి మొహం వైపు ఒక్కసారి కూడా చూడకుండా వాకిలి దాటి రోడ్డు వైపు నడిచాడు. రోడ్డు మీదికి ఎక్కితే ఎడమ పక్క పొద్దుటూరు బస్సు ఆగుతుంది, కుడి పక్క బేతంచెర్ల వైపు పోయే రాళ్ల లారీలు ఆగుతాయి.

రాహేలమ్మ వాకిట్లోకి పరుగెత్తింది.

"శామూ! పొద్దుటూరు పోప్పా! ఆసుపత్రికి పో! ఎవురి పసరూ తాగొద్దు! నన్ను సూడొద్దులే గాని, ఆసుపత్రికి పోరా!"

ఇరుగుపొరుగు గడపల్లోకి వచ్చారు. ఆమె మళ్లీ అరిచింది, గొంతు చీరుకుపోయేలా అరిచింది. శామ్ ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అడుగు మాత్రం కాస్త వేగమైంది. అతనికి వినపడిందని రాహేలమ్మకు తెలుసు. వినపడినా ఆగకుండా పోయేవాళ్లు ఎలా నడుస్తారో ఆమెకు తెలుసు. రోడ్డెక్కాక మలుపులో చింతచెట్లు అడ్డం వచ్చాయి, అతను ఏ పక్కకు తిరిగాడో ఆమెకు కనపడలేదు.